సోమరి ఉప్పు

పెళ్ళయిన ఇరవై రెండో రోజు పొద్దున్నే మా ఆయన వేడినీళ్ళలో ముంచి పిండిన గోనెసంచిని కారు ఇంజనుకు కప్పుతూ కనిపించారు. జలుబు చేసిన పిల్లాడికి తుండు చుట్టినట్టు చుట్టి, పైన మెల్లగా రెండుసార్లు తట్టారు కూడా. నాకు ఒక్క క్షణం అసూయ కలిగింది. పెళ్ళయిన కొత్తలో అసూయ కూడా ఎంత బాగుంటుందో!

"నాకు కప్పలేదేం?" అన్నాను గుమ్మంలోంచి.

"నువ్వు ఒక్క పిలుపుకే లెగుస్తావు. ఇది లెగదు," అన్నారాయన.

మా ఆయన పేరు సన్యాసినాయుడు. శుభలేఖలో ఆ పేరు చూసి నా స్నేహితురాళ్ళు వారం రోజులు నవ్వారు. ఆయన మంచుమెట్ట ఆరోగ్యకేంద్రం కారుకు డ్రైవరు, మెకానిక్కు, దాదాపుగా తల్లి. నర్సీపట్నం దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే వచ్చేదే మంచుమెట్ట. గాలులు దారి మార్చుకున్న ఈ ఐదేళ్ళలో ఇక్కడ డిసెంబరు చలి సున్నా కిందికి దిగడం మొదలుపెట్టింది. కాఫీ ఆకుల అంచుల మీద పొద్దున్నే తెల్లటి గీత కనబడుతుంది. కొబ్బరినూనె సీసాను నేను బోర్లించి పట్టుకున్నా చుక్క రాలదు.

"ఇంజనాయిలు కూడా నీ కొబ్బరినూనెలాగే," అని ఆయన నాకు బోధించారు. "గడ్డకట్టి కూర్చుంటాది. దాన్ని కదపడానికే సగం పెట్రోలు తాగేస్తాది. వేడెక్కేదాకా పావుగంట ఊరికే ఆన్‌లో ఉంచాల. వేడెక్కిందా, మొదటి ఊరు వచ్చీసింది. అక్కడ గంట ఆపితే మళ్ళీ చల్లారిపోద్ది."

ఇంతలో డాక్టరమ్మ వచ్చారు. గ్రేస్ కుమారి గారు రోజూలా నా భుజం తట్టి "కొత్త పెళ్ళికూతురా, కాఫీ ఉందా?" అని అడగలేదు. చేతిలో కాగితం ఉంది.

"సన్యాసీ, పైనుంచి ఉత్తరం. వేసవిలో లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు ఇచ్చిన బండి చలికాలం తొమ్మిదే ఇస్తోందట. నెలకిచ్చే పెట్రోలు ఇరవయ్యో తారీఖుకే అయిపోతోందట. జనవరి నుంచి చలి తగ్గేదాకా పై మూడు ఊళ్ళు మానెయ్యమన్నారు."

"ఉసిరిగెడ్డ కూడానా మేడమ్?"

"ముందు అదే. అన్నిటికంటే పైన ఉన్నది అదేగా."

ఉసిరిగెడ్డలో కొర్రా చిన్నాలమ్మ ఉంది. ఎనిమిదో నెల. రక్తపోటు వారం వారం పెరుగుతోంది. డాక్టరమ్మ వారానికోసారి వెళ్ళి చూసి మందు మారిస్తేనే ఆమె నిలబడుతోంది. కారు ఆగితే ఆమె పద్దెనిమిది కిలోమీటర్లు నడిచి దిగాలి. ఆ కడుపుతో, ఆ చలిలో.

"నేను ఫోన్లో పోట్లాడాను," అన్నారు డాక్టరమ్మ. "ఒక్క అవకాశం ఇచ్చారు. డిసెంబరు ఇరవై ఎనిమిదిన రవాణా అధికారి వచ్చి మన కారులో తిరుగుతాడు. మొత్తం రూటు నలభై ఎనిమిది కిలోమీటర్లు. నాలుగు లీటర్లలో అయిపోవాలి. అంటే లీటరుకు పన్నెండు. వస్తే రూటు ఉంటుంది. రాకపోతే లేదు."

"చలిలో పన్నెండా?" అన్నారు మా ఆయన, ఎవరో తనకు చంద్రుడి మీదికి డ్యూటీ వేసినట్టు.

నాకు మాత్రం లోపల ఏదో టక్కున వెలిగింది. ఆయన రోజూ సాయంత్రం ఇంటికి తెచ్చే కారు బోనెట్ మీద చేయి పెడితే వెచ్చగా ఉంటుంది. నేను అక్కడ నిలబడి అరచేతులు కాచుకుంటాను కూడా. ఆ వేడంతా రాత్రి ఎక్కడికి పోతోంది? ఊరికే గాలిలోకి! పొద్దున దానికోసమే మళ్ళీ పెట్రోలు కాలుస్తున్నాం.

"సాయంత్రం వేడిని పొద్దుటిదాకా దాచిపెడితే?" అన్నాను.

"దేంట్లో? ప్లాస్కులోనా?"

"సోమరిలో."

ఎమ్మెస్సీ రసాయనశాస్త్రంలో నా ప్రాజెక్టు ఒక ఉప్పు. దానికి నేనే పెట్టుకున్న ముద్దుపేరు సోమరి. ఆ సాయంత్రం వంటింట్లో స్టీలు గ్లాసులో దాన్ని కాచాను. కరిగి నీళ్ళలా అయింది. కిటికీ అంచున చలిలో పెట్టాను. అన్నం వార్చేలోగా గ్లాసు మంచులా చల్లబడింది. లోపల మాత్రం ఇంకా నీళ్ళే.

"గడ్డకట్టాలి కదా?" అన్నారాయన.

"కట్టాలి. బద్ధకం. తన వేడి బయటపెట్టడానికి బద్ధకం. ఇప్పుడు చూడండి." అదే ఉప్పు పలుకు ఒకటి చిటికెతో వేశాను. పలుకు తగిలిన చోటునుంచి తెల్లటి ఈకలు విచ్చుకున్నాయి. రెండు మూడు క్షణాల్లో గ్లాసు నిండా రాయి. "పట్టుకోండి."

ఆయన పట్టుకుని "అబ్బా!" అని వదిలేశారు. కాలిపోతోంది. తరువాత గ్లాసు వంక, నా వంక, మళ్ళీ గ్లాసు వంక చూశారు. పెళ్ళిచూపుల్లో కూడా నన్నలా చూడలేదు.

మా అత్తయ్య పైడమ్మ గారు పొయ్యి దగ్గరనుంచి ముక్కున వేలేసుకున్నారు. "నిప్పు లేకుండా కాలిందేటే? ఇదేటి సదువమ్మా! పదిమంది సూస్తే దిష్టి తగులుతాది, తలుపెయ్యి."

వారం రోజుల్లో మా పెరడు ప్రయోగశాల అయింది. పన్నెండు లీటర్ల పాత పాలక్యానులో సోమరిని నింపాం. ఇంజను నీళ్ళ గొట్టాన్ని మెలికలు తిప్పి అందులో ముంచాం. కారు నడిచినంతసేపూ ఆ వేడికి సోమరి కరిగి ఉంటుంది. బండి ఆపాక చల్లబడుతుంది గానీ గడ్డకట్టదు. పొద్దున డ్రైవరు సీటు దగ్గరి తీగ లాగితే, మూతకు అమర్చిన సూది కొసనున్న పలుకు లోపలికి దిగుతుంది. దాచిన వేడంతా ఇంజనుకు వస్తుంది. ఆ వేడిని ఇంజనుకో, కారు లోపలి హీటరుకో మళ్ళించే మీట ఒకటి సీట్ల మధ్య పెట్టాం. క్యానుకు నా పుట్టింటి రగ్గు చుట్టాను. ఆయన గొట్టాలు బిగిస్తుంటే నేను స్పానర్లు అందించేదాన్ని. పన్నెండో నంబరు అడిగితే పద్నాలుగు ఇచ్చేదాన్ని, ఆయన ఇంకోసారి నా వైపు తిరగాలని.

మొదటి పరీక్ష రోజు పొద్దున ఆయన తీగ లాగారు. బోనెట్ కిందనుంచి బుసబుస శబ్దం. వేడి రావడం వచ్చింది, కాని మెల్లగా రాలేదు. ఒక్క ఊపున మొత్తం వచ్చేసింది. నీళ్ళ గొట్టం ఉబ్బింది. "తగ్గండి!" అని నేను అరిచేలోగా ఆయన దాన్ని అణచడానికి చేయి పెట్టారు. గొట్టం పగిలింది.

కుడిచేయి మణికట్టుదాకా ఎర్రగా ఉబ్బింది. డాక్టరమ్మ పరుగున వచ్చి చల్లటి నీళ్ళలో పెట్టించి, కట్టు కట్టారు. ఆ చేతి చిటికెన వేలికీ, దాని పక్క వేలికీ ఇప్పటికీ వేడి తెలియదు. అన్నం వేడిగా ఉందో లేదో ఎడమచేత్తో చూసుకుంటారు.

"ఇంక వద్దు," అన్నాను ఆ మధ్యాహ్నం. "ఇది నా బుర్రలో పుట్టింది. మీ చేతికి తగిలింది. వద్దు."

"మరి చిన్నాలమ్మ?"

"ఆమె కోసం వేరే ఏదైనా చేద్దాం."

"ఏటి సేద్దాం?" ఆయన కోపంగా అడగలేదు. నిజంగానే అడిగారు. మళ్ళీ ఆయనే అన్నారు: "వేడి ఉంది హైమా. అది అబద్ధం కాదు. తొందరెక్కువ, అంతే. దాన్ని నిదానంగా రమ్మను."

నిదానంగా రమ్మనడం ఎలాగో నాకు తెలియదు. అయినా ఆయన ఎడమచేత్తోనే కొత్త గొట్టం వేసుకుని, సాయంత్రం డాక్టరమ్మను కింది ఊళ్ళకు తిప్పి తెచ్చారు. తీగ జోలికి పోవద్దని ఒట్టు వేయించుకున్నాను. సూదిని కూడా పీకి దాచేశాను.

మర్నాడు పొద్దున ఆరింటికి పెరట్లోకి వెళ్ళి నేను కదలకుండా నిలబడిపోయాను. గడ్డి మీద మంచు. పక్కింటివాళ్ళ ఆటో మీద మంచు. మా కారు వెనక అద్దం మీద మంచు. బోనెట్ మాత్రం తడిగా, నల్లగా మెరుస్తోంది. చేయి పెట్టాను. సాయంత్రం ఉన్నంత వెచ్చగా ఉంది.

"ఏవండీ!"

ఆయన కట్టుచేయి పైకెత్తుకుని పరుగున వచ్చారు. క్యాను మూత తీశాం. లోపల సగం తెల్లటి గడ్డ, సగం ఇంకా నీళ్ళు. ఆ రెంటి మధ్య గీత చూస్తుండగా వెంట్రుకవాసి పైకి జరిగింది. నా ప్రాజెక్టు రెండేళ్ళలో సోమరి అలా నడవడం నేనెప్పుడూ చూడలేదు. పేలినట్టు గడ్డకట్టేది. ఇప్పుడు పెళ్ళి ఊరేగింపులా నిదానంగా సాగుతోంది.

"సూది నీ దగ్గరే ఉంది కదా? మరి దీన్ని ఎవరు కదిపారు?" అన్నారాయన.

గడ్డ మధ్యలో ఎర్రగా ఏదో కనిపించింది. పటకారుతో లాగాను. ఎండుమిరపకాయ.

మేమిద్దరం ఒకేసారి వంటింటి వైపు తిరిగాం.

"నాకేటి తెలుసు!" అత్తయ్య అప్పటికే గుమ్మంలో ఉన్నారు, చేతులు చీరకొంగుకు తుడుచుకుంటూ. "నా కొడుకు సెయ్యి కాలింది. మునిమాపువేళ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిసేను. నీకూ తీసేను, నువ్వు సూసుకోలేదు. దిష్టి తీసిన ఉప్పు నీళ్ళల్లో కలపాలి కదా, అది కరిగితే దిష్టి కరిగిపోతాది. ఏ నీళ్ళల్లో కలపను? నా కొడుకుని కాల్సింది ఈ నీళ్ళే. ఈటిల్లోనే పోసేను."

"ఎంత ఉప్పు అత్తయ్యా?"

"ఎంతేటి? మూడు గుప్పిళ్ళు. మీ ఇద్దరికీ చెరొకటి, కారుకొకటి. పాపం, అది మటుకు ఏటి సేసింది?"

నేను అత్తయ్యను వాటేసుకున్నాను. ఆవిడ బిగుసుకుపోయారు. మా ఇళ్ళలో కోడళ్ళు అలా చేయరు.

మిరపకాయ సోమరిని తట్టి లేపింది. లేచిన దాన్ని ఎప్పటిలా పేలకుండా ఆపింది మాత్రం ఆ సముద్రపు కల్లుప్పు. సోమరి పలుకు పెరగబోతుంటే ఆ ఉప్పు ప్రతిచోటా అడ్డం నిలబడుతోంది. అడుగడుగునా దారి అడిగి ముందుకు పోవలసి వస్తోంది దానికి. రెండేళ్ళు నేను ఆ ద్రావణాన్ని ఎంత శుభ్రంగా ఉంచానో! వడపోసి, మళ్ళీ వడపోసి, దుమ్ము కూడా తగలనీయకుండా. కావలసింది ఆ శుభ్రం కాదని మా అత్తయ్య గుప్పిలి చెప్పింది.

ఆ గుప్పిలిని కొలవాలి కదా. అత్తయ్యను బతిమాలి, ఇంట్లోని చిన్న కాటాలో పోయించాను. అరవై రెండు గ్రాములు. మళ్ళీ పోయించాను. అరవై ఒకటి. మూడోసారి అరవై రెండు.

"నలభై ఏళ్ళ నుంచి ఇదే గుప్పిలి," అన్నారు అత్తయ్య, కాటా వైపు జాలిగా చూస్తూ.

సూదిని మళ్ళీ మూతకు అమర్చి కొలతలు చూశాం. రెండు గుప్పిళ్ళు వేస్తే గంటకంటే తక్కువలో వేడంతా వచ్చేసింది. నాలుగు వేస్తే మరీ బద్ధకించింది. మూడు వేసి తీగ లాగితే రెండు గంటలకు పైగా నిలకడగా వచ్చింది. పది నిమిషాల్లో ఇంజను చేయి పెట్టేంత వెచ్చన. తాళం తిప్పగానే కారు తొలిపిలుపుకే లేచింది. పావుగంట ఆన్‌లో ఉంచే పని పోయింది. గోనెసంచిని నేను ఉతికి దండెం మీద వేశాను.

ఇరవై ఎనిమిదో తారీఖు వచ్చేసింది. ఆ చలికాలంలో అంత చలి ఎప్పుడూ లేదు. ఆరోగ్యకేంద్రం గోడ మీది పాదరసం సున్నాకు రెండు గీతలు కిందికి దిగి కూర్చుంది. రవాణా అధికారి జగ్గారావు గారు మంకీటోపీలోంచి కళ్ళు మాత్రం బయటపెట్టి వచ్చారు. మంచుమెట్ట బంకులో ట్యాంకు పైదాకా నింపించి, మూతకు కాగితం అంటించి సంతకం చేశారు.

"సాయంత్రం ఇక్కడే మళ్ళీ ఇదే గీతదాకా నింపిస్తాను. నాలుగు లీటర్లు దాటితే నన్నేమీ అనొద్దు," అన్నారు.

"దాటదు సార్," అన్నాను.

"మీరెవరమ్మా?"

"పరికరం చేసినావిడ," అన్నారు డాక్టరమ్మ.

"నా భార్య," అన్నారు మా ఆయన అదే క్షణంలో. ఏ మాట ఎక్కువ బాగుందో నేను కొండ ఎక్కేంతసేపూ తేల్చుకోలేకపోయాను.

కారు ఎంత బాగా ఎక్కిందో! ఒక్కో ఊళ్ళో డాక్టరమ్మ సూదులు వేసి, మందులిచ్చి వచ్చేలోగా ఆయన తీగ లాగేవారు. దారిలో సోమరి మళ్ళీ కరిగేది. జగ్గారావు గారు ప్రతి స్టార్టుకూ గడియారం చూసి ఏదో రాసుకున్నారు. మూడో ఊరి తరువాత మంకీటోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఉసిరిగెడ్డ చేరేసరికి ఆశా కార్యకర్త కామేశ్వరి ఎదురొచ్చింది. "మేడమ్, చిన్నాలమ్మ నిన్న కాఫీతోటకి ఎల్లొచ్చింది. పొద్దున్నుంచి తలనొప్పి అంటంది. నొప్పులు కూడా మొదలయ్యాయి."

డాక్టరమ్మ ఇంట్లోకి వెళ్ళి, సూదిమందు ఇచ్చి, గంటన్నర కనిపెట్టి చూసి బయటికి వచ్చారు. "కిందికి తీసుకెళ్ళాలి. ఇప్పుడే."

చిన్నాలమ్మను ఇద్దరు పట్టుకుని తెచ్చారు. పలచటి చీర, పైన ఒక తువ్వాలు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. వెనక సీట్లో కూర్చోబెట్టి నేను పక్కన కూర్చున్నాను. సీటు రెక్సిన్ మంచుపలకలా ఉంది. కారు గంటన్నర ఆగింది. చల్లారిపోయింది. క్యానులో ఒక్కసారికి సరిపడా వేడి ఉంది. దాన్ని ఇంజనుకు పంపితే నాలుగు లీటర్లలో రూటు ముగుస్తుంది. సీట్ల మధ్యనున్న మీట తిప్పి లోపలి హీటరుకు పంపితే ఈమె వణుకు ఆగుతుంది. కాని అప్పుడు ఇంజను చలిలోనే లేవాలి.

మా ఆయన అద్దంలోంచి చిన్నాలమ్మను చూశారు. నన్ను చూశారు. జగ్గారావు గారి ఒళ్ళోని పుస్తకం వైపు చూశారు. తరువాత ఎవరినీ అడక్కుండా మీట లోపలి వైపుకు తిప్పి తీగ లాగారు.

జగ్గారావు గారు ఆ మీట సంగతి పుస్తకంలో రాసుకున్నారు.

ఇంజను దగ్గింది. రెండోసారి దగ్గింది. మూడోసారికి లేచి, పాత రోజుల్లోలా పొగ కక్కుతూ దిగడం మొదలుపెట్టింది. ఆ పొగలో మా పెట్రోలు పోతోందని నాకు తెలుసు. నా కాళ్ళ దగ్గరనుంచి వెచ్చటి గాలి మాత్రం సన్నగా పైకి లేచింది. చిన్నాలమ్మ పాదాలను ఎత్తి ఆ గాలికి ఎదురుగా పెట్టాను. పాదాలు రాళ్ళలా ఉన్నాయి. తరువాత పాదాల్లా అయ్యాయి. డాక్టరమ్మ మందు ఇచ్చి నాడి పట్టుకుని కూర్చున్నారు.

ఏడు కిలోమీటర్లు దిగాం. ఎనిమిది. ఉన్నట్టుండి చిన్నాలమ్మ తువ్వాలు తీసి పారేసింది.

"నన్ను ఉడకబెట్టేస్తన్నారేటమ్మా! పిల్ల లోపలే ఉడికిపోతాది. ఆపీండి ఆ గాలి!"

డాక్టరమ్మ గట్టిగా నవ్వేశారు. "సన్యాసీ, పేషెంటు ఆర్డరు!"

"ఇంకా వేడి వస్తందా?" అని ఆయన నన్ను అడిగారు, నమ్మలేనట్టు.

నేను గొట్టం ముట్టుకుని చూశాను. వస్తోంది. సగం కూడా అయిపోలేదు. నిదానంగా వచ్చే వేడి కదా, ఒకరికి ఇచ్చాక ఇంకొకరికి మిగిలింది! ఆయన మీట ఇంజను వైపుకు తిప్పారు. కారు ఒక్క మలుపు లోపే గొంతు సవరించుకుంది. పొగ పోయింది. మిగతా పది కిలోమీటర్లూ అది దిగిందో, ఈదిందో నాకు తెలియదు.

చిన్నాలమ్మను ఆరోగ్యకేంద్రంలో దింపాం. డాక్టరమ్మ ఆమెతో లోపలికి వెళ్ళారు. మేము ముగ్గురం బంకుకు వెళ్ళాం.

జగ్గారావు గారు కాగితం సీలు తామే స్వయంగా చించారు. బంకులో పనిచేసే పార్వతి గొట్టం పెట్టింది. అంకెలు తిరగడం మొదలుపెట్టాయి. రెండు. రెండున్నర. మూడు దాటింది. మా ఆయన ఎడమచేత్తో నా చేయి పట్టుకున్నారు, నడిబజారులో, అందరి ముందూ. మూడున్నర. మూడు పాయింట్ ఏడు. ఇంకా పడుతోంది. మూడు పాయింట్ ఎనిమిది. నేను కళ్ళు మూసుకున్నాను.

టక్కుమని శబ్దం వచ్చింది.

"నిండిపోనాది సార్," అంది పార్వతి.

కళ్ళు తెరిచాను. మూడు పాయింట్ తొమ్మిది ఒకటి.

జగ్గారావు గారు వంగి ట్యాంకులో గీత చూశారు. మళ్ళీ అంకె చూశారు. పుస్తకంలో రాసి, కింద సంతకం చేసి, "లీటరుకు పన్నెండు దాటింది. హీటరు వేసుకుని కూడా," అన్నారు. ఆ చివరి మాట ఆయన తనకు తానే చెప్పుకున్నారు. తరువాత మా ఆయన వైపు తిరిగారు. "ఆ మీట అటు తిప్పకపోతే మీకు ఇంకా ఎక్కువ వచ్చేదయ్యా. కాని నేను ఇంత గట్టిగా రాసేవాణ్ణి కాదు."

మా ఆయన నన్ను అమాంతం ఎత్తేశారు. కట్టుచేత్తోనే. పార్వతి చప్పట్లు కొట్టింది. ఆటోవాళ్ళు హారన్లు కొట్టారు. నేను "దింపండి, చేయి, చేయి!" అని అరుస్తూనే ఆయన మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకున్నాను.

ఆరోగ్యకేంద్రానికి తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ మెట్ల మీద నిలబడి ఉన్నారు. "నొప్పులు ఆగాయి. రక్తపోటు దిగుతోంది. నెలలు నిండేదాకా ఇక్కడే ఉంచుకుంటాను. మీ సంగతేంటి?"

నేను మూడు వేళ్ళు, తరువాత తొమ్మిది వేళ్ళు చూపించాను. ఆవిడకు ఒక్క క్షణం పట్టింది. వెంటనే ఫోను తీసి ఉసిరిగెడ్డ కామేశ్వరికి కలిపి, అందరికీ వినబడేలా పెట్టారు.

"కామేశ్వరీ, చిన్నాలమ్మ బాగుంది. వాళ్ళాయనకి చెప్పు. ఇంకో మాట. సోమవారం వస్తున్నాం. ఆ పై సోమవారమూ వస్తాం. చలికాలమంతా వస్తాం."

అవతల కామేశ్వరి ఫోను చేతిలో ఉందని మరిచిపోయి గుమ్మంలోంచి కేక వేసింది: "సోమారం కారొస్తాదంట!" దూరంగా ఇంకో గొంతు ఆ మాటే అందుకుంది. ఇంకా దూరంగా, గెడ్డవాగు అవతలినుంచి, ఇంకొకటి. మేము మెట్ల మీద ఒకరినొకరు ఆనుకుని నిలబడి, ఆ కబురు ఇంటినుంచి ఇంటికి కొండ ఎక్కుతుంటే చివరి కేక దాకా విన్నాం.